చీమ తలకాయంత అక్షరాలకు నా నమస్కారం

ఫోనులో అక్షరాలు ఎంత చిన్నగా ఉంటే కాపురం అంత చల్లగా ఉంటుంది!

ఈ మాట ఊరికే అనడం లేదు, అనుభవం మీద అంటున్నాను. మీలో కొందరు అప్పుడే మూతి విరుస్తున్నారని నాకు తెలుసు. విరవండి. కొందరైతే ఈ ముక్క చదవడానికే ఫోనుని ముక్కుకి ఆనించుకుని ఉంటారు. ఆనించుకోండి. ముక్కుకి అంతకన్నా మంచి పని ఏముంది?

అసలు అక్షరం పెద్దగా ఎందుకుండాలి? చెప్పండి! పెద్దగా ఉంటే కనబడుతుంది. కనబడితే చదువుతాం. చదివితే అర్థమవుతుంది. అర్థమైతే అనుమానం వస్తుంది. అనుమానం వస్తే ఊరుకోం, ఎవరినో ఒకరిని అడుగుతాం. అడిగితే అవతలివాళ్ళకి చిరాకు. చూశారా, ఒక్క అక్షరం కాస్త ఒళ్ళు చేస్తే లోకానికి ఎంత అశాంతో!

నా సంగతే చూడండి. నేను పుట్టు భయస్థురాలిని. మా పిడుగు రెండుసార్లు తుమ్మితే చాలు, పొయ్యి మీదున్నది పొయ్యి మీద వదిలేసి ఫోను అందుకుంటాను. పిడుగు అంటే మా అమ్మాయి, ఐదేళ్ళది. పిల్లల జబ్బుల గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి కదా, వాటిలో తుమ్ముతో మొదలుపెడితే మూడో పేరాకి పిల్ల మనకి దక్కదు. కానీ ఆ మూడో పేరా ఆవగింజంత అక్షరాలతో ఉంటుంది. నాకు కనబడదు. కనబడదు కాబట్టి కాసిని వేడినీళ్ళు తాగించి పడుకోబెడతాను. తెల్లారేసరికి పిల్ల మంచమెక్కి గంతులు! ఈ ఐదేళ్ళలో చదవలేకపోవడం అనే ఒకే ఒక్క మందుతో మా పిల్లని కనీసం నలభై జబ్బుల నుంచి కాపాడుకున్నాను. ఏ డాక్టరుకి చేతనవుతుందండీ ఇది?

ఇక "అన్నీ చదివి ఒప్పుకుంటున్నాను" అనే గడి. పైన నలభై గజాల పొడుగున నిబంధనలు, కింద ఆ గడి. అక్షరాలు పెద్దవైతే కూర్చుని చదవాలి, మధ్యలో ఎక్కడో మనసు చివుక్కుమనాలి, ఇదేంటని ఆలోచించాలి. ఇప్పుడా బాధ లేదు. బొటనవేలు పెట్టి నొక్కడమే. పెళ్ళికి కూడా నేను ఇంత త్వరగా ఒప్పుకోలేదు!

రంగు సంగతి మరిచాను. ఈమధ్య నల్లటి అక్షరాలు మోటు అయిపోయాయట. తెల్లటి పేజీ మీద లేత బూడిద రంగు అక్షరాలు వస్తున్నాయి, తెల్లగోడ మీద సున్నంతో రాసినట్టు. చదివినవాళ్ళకి చదివినట్టు ఉంటుంది, రాసినవాళ్ళకి రాసినట్టు ఉంటుంది, మధ్యలో అక్షరాలు మాత్రం ఉండవు. ఎంత మర్యాద!

ఇంత మేలు చేసే చిన్న అక్షరం మీద ఒకప్పుడు నేనూ నోరు పారేసుకున్నదాన్నే. నాకు జ్ఞానోదయం ఎలా అయిందో చెబుతాను, వినండి.

మా వీధి చివర ఒక బడి ఉంది. మా గుమ్మంలో నిలబడితే దాని గంట వినిపిస్తుంది. ఆ బడిలో మా పిడుగుకి సీటు వచ్చింది. అది చేజారితే తరవాతి బడికి రెండు బస్సులు మారాలి. అంత చిన్నపిల్లని రెండు బస్సులెక్కించి పంపే గుండె నాకు లేదు. నా చదువు ఎనిమిదో తరగతి సగంలో ఆగిపోయింది. దీనిదైనా ఆగకుండా సాగాలని, ఆ సీటు వచ్చిన రోజు నుంచి నాకు నిద్రలో కూడా బడిగంటే.

సీటు తెలియజేస్తూ బడివాళ్ళు ఫోనుకి ఒక లింకు పంపారు. "వివరాలన్నీ పేజీలో ఉన్నాయి. శ్రద్ధగా చదువుకోగలరు."

శ్రద్ధకేం లోటు? చేతులు కడుక్కుని, తుడుచుకుని, కిటికీ పక్కన వెలుతురులో కూర్చుని తెరిచాను. పైన పువ్వుల బొమ్మ, నవ్వుతున్న పిల్లల బొమ్మ, బడి భవనం బొమ్మ. ఇవన్నీ పెద్దవే. ఆ కింద చీమలు బారులు తీరి ఎటో వలస పోతున్నాయి. ఊదితే లేచిపోతాయేమో అన్నట్టున్నాయి. అవే వివరాలట!

రెండు వేళ్ళతో లాగి పెద్దది చేసి చూశాను. పేజీ రబ్బరులా సాగింది, వేళ్ళు తియ్యగానే టప్పున మొదటికొచ్చింది. మళ్ళీ లాగాను, మళ్ళీ టప్పు. పట్టుకుని ఉంటే చదవొచ్చు కదా అని ఒక చేత్తో లాగి పట్టుకుంటే, ఆ చెయ్యే అక్షరాల మీద ఉంది.

మా ఆయన వాచీలు బాగుచేస్తారు. వెంట్రుకకన్నా సన్నని తీగలతో, ఆవగింజలో సగం ఉండే పళ్ళచక్రాలతో పని. అలాంటి మనిషికి ఈ అక్షరాలొక లెక్కా అనుకుని, సాయంత్రం కొట్టు నుంచి రాగానే ఫోను చేతిలో పెట్టాను.

"ఇంతోటిదానికి నేనెందుకే?" అంటూ చూశారు. కళ్ళు చికిలించారు. ఫోనుని దూరం పెట్టారు, దగ్గర పెట్టారు. చివరికి జేబులోంచి వాచీలకు వాడే భూతద్దం తీసి కంటికి బిగించుకున్నారు.

"ఏమైందండీ? ఏముంది?"

"ఇందులో అక్షరాల్లేవే."

"అదేంటి?"

"తెరంతా ఎర్రచుక్కలు, పచ్చచుక్కలు, నీలం చుక్కలు. బల్లపరుపుగా భలే పేర్చాడు. పనిమంతుడు!"

చూశారా! మామూలు కంటితో చూస్తే చీమలు, అద్దంతో చూస్తే చుక్కలు. ఆ రెంటికీ మధ్య ఎక్కడో అక్షరాలు ఉన్నాయని లోకం నమ్ముతోంది. నమ్మకం మీదే కదా లోకం నడిచేది!

"సెట్టింగ్స్‌లో పెద్దవి చేసుకోవచ్చంటారు కదండీ?" అన్నాను.

"ఉంటుంది. వెతుక్కో. నాకు గడియారాల్లో ముల్లు ఎటు తిప్పాలో తెలుసు గానీ దీన్లో ఎటు తిప్పాలో తెలీదు," అని భూతద్దం తుడిచి జేబులో వేసుకున్నారు.

వెతికాను. అక్షరాలు పెద్దవి చేసుకునే చోటు ఫోనులో ఎక్కడ పెట్టారో తెలుసా? చిన్న అక్షరాల వెనక! పళ్ళచక్రం బొమ్మ నొక్కాలి, అందులో డిస్‌ప్లే, అందులో ఇంకేదో, దాని కింద యాక్సెసిబిలిటీ అని నోరు తిరగని ఒక మాట, అందులో ఫాంట్ సైజు. ఇవన్నీ చీమ తలకాయలే. అంటే అక్షరాలు కనబడనివాడు కనబడని అక్షరాలన్నీ చదువుకుంటూ వెళితే, కనబడే అక్షరాల దగ్గరకి చేరతాడన్నమాట. తాళంచెవిని పెట్టెలో పెట్టి, ఆ పెట్టెకే తాళం వేశారు. దొంగల భయం కాబోలు!

దారిలో నేను ఎన్ని నొక్కకూడనివి నొక్కానో నాకే తెలియదు. ఒకటి నొక్కితే ఫోను నేను ముట్టుకున్న ప్రతిదాన్నీ పైకి చదవడం మొదలుపెట్టింది. "వెనక్కి. బటన్. వెనక్కి. బటన్," అంటూ వంటింట్లో ఒకటే అరుపు. మా పిడుగు పరుగెత్తుకొచ్చి "ఎవరమ్మా ఆవిడ? మనింట్లో ఉంటుందా?" అంది. మరొకటి నొక్కితే తెరంతా నల్లబడి అక్షరాలు తెల్లబడ్డాయి. డార్క్ మోడ్ అట, కళ్ళకి చలవట. మా అత్తగారు అటుగా వచ్చి తొంగిచూసి, "అయ్యయ్యో, మాడ్చేశావా అమ్మాయ్?" అన్నారు.

ఎలాగైతేనేం, ఫాంట్ సైజు దొరికింది. ఒక గీత, దాని మీద ఒక చుక్క. చుక్కని కుడివైపు చివరిదాకా తోశాను. ఫోనులో ఉన్నవన్నీ పెద్దవయ్యాయి. గడియారం పెద్దదయింది, పేర్లు పెద్దవయ్యాయి, మెసేజీలు గుమ్మడికాయలయ్యాయి. ఆశగా బడి పేజీ తెరిచాను. చీమలు చీమల్లాగే ఉన్నాయి! ఫోను మాట ఎవరు విన్నా ఆ పేజీ మాత్రం వినదు. బడివాళ్ళది కదా, క్రమశిక్షణ ఎక్కువ.

ఇక మిగిలింది మా అత్తగారి ఫోను.

మా అత్తగారి ఫోను గురించి ఒక మాట చెప్పాలి. దుకాణంవాడు కొత్తలోనే ఏం చేసిచ్చాడో గానీ అందులో ప్రతిదీ మామూలుకి ఆరింతలు కనిపిస్తుంది. పేజీలైనా సరే, ఏవైనా సరే. తెరకి రెండు మాటలు పడితే గొప్ప. ఎవరైనా "శుభోదయం" అని పంపితే ఆవిడకి "శుభో" పొద్దున్న అందుతుంది, "దయం" మధ్యాహ్నం భోజనాలయ్యాక పైకి తోసుకుంటే అందుతుంది. అయినా ఆవిడ ఆ ఫోనుని ఎవరికీ ఇవ్వరు. "నీ ఫోనులో ఉన్నది నీకే కనబడదు. నా ఫోను ఎదురింటివాళ్ళు కూడా చదువుకోవచ్చు," అని నన్ను దెప్పుతారు. నిజమే. ఎదురింటివాళ్ళు చదువుతున్నారు కూడా.

ఏడో తారీఖు మధ్యాహ్నం ఆ లింకుని ఆవిడ ఫోనుకి పంపి, "అత్తయ్యా, కాస్త ఇది తెరిచి చూస్తారా," అని గిన్నెలు తోముకుంటున్నాను. అవతలి గదిలోంచి పెద్ద కేక!

"ఓరి దేవుడో! సీటు రద్దంట అమ్మాయ్!"

గిన్నె చేతిలోంచి జారింది. నా గుండె దానికన్నా ముందే జారింది. వెళ్ళి చూద్దును కదా, ఆవిడ తెర నిండా రెండే రెండు మాటలు, ఒక్కోటి తలుపంత: "సీటు రద్దు".

"ఏం పాపం చేశామమ్మా! వంశంలో ఎవరికైనా సీటు రద్దయిందా!" అని ఆవిడ అప్పటికే మా ఆడపడుచుకి ఫోను చేసేశారు. మా ఆడపడుచు ఇంకొకరికి చేసింది. నేను గోడకి ఆనుకుని కూలబడ్డాను. పిడుగు వచ్చి నా ఒళ్ళో కూర్చుని "రద్దంటే ఏంటమ్మా? పెద్దదా?" అంది.

ఒక అరగంట ఏడుపులయ్యాక మా ఆయన వచ్చారు. వాచీలవాళ్ళకి ఓపిక ఎక్కువ. తల్లి చేతిలోంచి ఫోను తీసుకుని, తెరని వెనక్కి వెనక్కి తోస్తూ రెండేసి మాటల చొప్పున కాగితం మీద రాసుకుంటూ వెళ్ళారు. చివరి నుంచి మొదటిదాకా. పూర్తయ్యాక కాగితాన్ని కింది నుంచి పైకి చదివారు.

"పిల్లల కంటి పరీక్ష పత్రాన్ని పదో తేదీ సాయంత్రం నాలుగు గంటలలోగా అందజేయని పక్షంలో సీటు రద్దు చేయబడును."

ఇంతే! వెనక ఇంత వాక్యం ఉండగా మా అత్తగారి వేలు జారి తోక దగ్గర ఆగింది.

"ముందే చెప్పొచ్చుగా ఆ మాట!" అన్నారు అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ, ఫోనుని కోప్పడుతూ.

ఇప్పుడు మీరే చెప్పండి. ఆ పేజీలో ఉన్న అన్ని వాక్యాల్లోకీ ముఖ్యమైనది ఏది? కళ్ళ గురించిన వాక్యం. దాన్ని ఎలా రాశారు? కళ్ళకి కనబడకుండా. అంతకన్నా గొప్ప కంటి పరీక్ష ఉంటుందా? చదవగలిగితే కళ్ళు మంచివి, చదవలేకపోతే సీటు రద్దు. ఖర్చులేని విధానం. మెచ్చుకోవాలి!

మర్నాడే పిల్లని కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

పరీక్ష చేసే ఆవిడ ముప్పై ఏళ్ళ మనిషి, గొంతు మెత్తగా ఉంది. గోడకి ఒక అట్ట తగిలించి ఉంది. అక్షరాలు రాని పిల్లల కోసమట, అన్నీ మూడుకాళ్ళ బల్లలాంటి గుర్తులు. ఒకటి కాళ్ళు పైకెత్తి ఉంటుంది, ఒకటి కుడివైపు చాపి ఉంటుంది. కాళ్ళెటుంటే అటు చెయ్యి చూపించాలి. పై వరుసలో ఒక్కటే, ఇంత పెద్దది. కిందికి వచ్చేకొద్దీ చిన్నవి.

మా పిడుగు కుర్చీ ఎక్కగానే అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. చెయ్యి చూపించమంటే సిగ్గు.

"మీరు కూర్చుని చూపించండమ్మా, మిమ్మల్ని చూసి చేస్తుంది," అందావిడ.

దాందేముంది? కూర్చున్నాను. మొదటి వరుస, పైకి. రెండో వరుస, కుడికి, కిందికి. మూడో వరుస... మూడో వరుసలో బల్లలు లేవు. మసిబొట్లు ఉన్నాయి.

"మూడోది చెప్పండమ్మా."

"అక్కడ ఏదో చెరిగిపోయినట్టుందండీ," అన్నాను.

పక్కనుంచి మా పిడుగు గుసగుసగా, అంటే గదంతా వినపడేట్టు, "అమ్మా, పైకి! పైకమ్మా! తరవాత ఇటు! అబ్బా, ఇటు కాదు!" అని చేతులు తిప్పేస్తోంది. నాలుగోది చెప్పింది, ఐదోది చెప్పింది, అట్ట కింద అచ్చువేసినవాళ్ళ గుర్తు కూడా ఎటు తిరిగి ఉందో చెప్పేసింది. దాని పరీక్ష అలా అయిపోయింది. కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయని కాగితం రాసి ఇచ్చారు.

నన్ను మాత్రం కుర్చీలోంచి లేవనివ్వలేదు. నా ముక్కు మీద బరువైన ఫ్రేము ఒకటి పెట్టి, ఒక్కో అద్దం వేస్తూ తీస్తూ అడగడం మొదలుపెట్టిందావిడ. "ఇది బాగుందా అమ్మా? ఇదా? ఇప్పుడు కనిపిస్తోందా? తొందరేం లేదు, చూసి చెప్పండి."

కనిపిస్తోందా అని నన్ను ఎవరూ అడిగిన గుర్తు లేదు. బడిలో నాది వెనక బెంచీ. బోర్డు మీద పంతులుగారు రాసేది నాకు సుద్దపొడిలా కనిపించేది. పక్కపిల్ల పుస్తకంలోకి తొంగిచూస్తే కాపీ అన్నారు. చూడకపోతే మొద్దు అన్నారు. ఎనిమిదో తరగతిలో మా నాన్నని పిలిపించి "దీనికి చదువు ఎక్కదండీ," అని చెప్పారు. మా నాన్న నమ్మారు. నేనూ నమ్మాను. మొన్న ఆ కుర్చీలో కూర్చునేదాకా నమ్ముతూనే ఉన్నాను.

సరే, అది వేరే సంగతి. మనం చిన్న అక్షరాల మేలు గురించి కదా మాట్లాడుకుంటున్నాం!

తొమ్మిదో తారీఖు సాయంత్రం కళ్ళజోడు వచ్చింది. పెట్టుకుని బయటికొచ్చాను. చెట్టుకి ఆకులున్నాయండీ! అంటే విడివిడిగా! ఇన్నాళ్ళూ నేను చెట్టంటే పచ్చటి ముద్ద అనుకున్నాను. ఎదురింటి గోడ మీద ఇటుకలున్నాయి. వచ్చే బస్సు నెంబరు అది మలుపులో ఉండగానే కనబడింది. ఇంటికొచ్చి మా ఆయన మొహం చూశాను. కుడిబుగ్గ మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. ఆరేళ్ళ కాపురంలో ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. మా అత్తగారి అలమరా మీద దుమ్ము కూడా కనబడింది గానీ, ఆ మాట బయటికి అనలేదు. చూపు వచ్చినంత మాత్రాన బుద్ధి పోదు కదా.

"ఇంకేం, ఇప్పుడు చదివెయ్ ఆ పేజీ," అన్నారు మా ఆయన.

గర్వంగా ఫోను అందుకున్నాను. కళ్ళజోడు సర్దుకున్నాను. పేజీ తెరిచాను.

చీమలు!

అవే చీమలు, అదే వలస, అదే బూడిద రంగు. కాకపోతే ఇప్పుడు ఒక్కో చీమా విడివిడిగా, స్పష్టంగా కనబడుతోంది. అక్షరం మాత్రం లేదు. ఆ క్షణంలో నా మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. అంటే లోపం నా కళ్ళలో లేదు! కళ్ళలో ఉన్నదానికి అద్దాలు వేశారు. మిగిలిన లోపం ఇంకెక్కడో ఉంది. దానికి అద్దాలు ఎవరు వేస్తారు?

పదో తారీఖు పొద్దున్న కంటి పరీక్ష కాగితాన్ని ఫోటో తీసి ఆ పేజీలోకి ఎక్కించబోయాను. మా ఫోనులో ఎక్కించే బటన్ వేలి గోటికన్నా చిన్నది. నొక్కితే దాని పక్కనున్న నవ్వుతున్న పిల్లల బొమ్మ తెరుచుకుంటోంది. అత్తగారి ఫోనులో బటన్ పెద్దదే, ఎంత పెద్దదంటే తెరలో పట్టక సగం బయటికి పోయింది. అవతలి సగాన్ని నొక్కాలట. ఫోనుని అడ్డంగా తిప్పితే పేజీ కూడా అడ్డంగా తిరిగింది. మా అత్తగారు ఫోను పక్కకి జరిగి, బటన్ బయటికి పోయిందన్న వైపు గాలిలో నాలుగుసార్లు నొక్కి చూశారు. పడలేదు.

మధ్యాహ్నం మూడు దాటింది. నాలుగైతే సీటు పోతుంది. కాగితం పట్టుకుని, పిడుగుని చంకనేసుకుని బడికి పరుగెత్తాను.

ఆఫీసు గేటు దగ్గరుండగానే, కొత్త కళ్ళజోడు పుణ్యమా అని, లోపలి గోడ మీది బోర్డు కనబడింది. ఒక్కో అక్షరం జానెడు. నల్లటి రంగుతో, తెల్లటి అట్ట మీద: "భోజన విరామం 1 నుంచి 2 వరకు. ఎవరినీ లోపలికి అనుమతించరు." దాని పక్కనే ఇంకొకటి, అంతకన్నా పెద్దది: "పిల్లలను ఎత్తుకుని కౌంటరు మీద కూర్చోబెట్టరాదు."

ఆగి రెండుసార్లు చదువుకున్నాను. ఎంత హాయిగా ఉంది! అంటే పెద్దగా రాయడం వీళ్ళకి రాక కాదు. మనం చదవాలని వాళ్ళు అనుకున్నది పెద్దగానే రాస్తారు!

కౌంటరు వెనక గుమాస్తాగారు ఉన్నారు. పెద్దాయన. నేను సంగతి చెప్పగానే తల అడ్డంగా ఊపారు.

"కాగితాలు చేత్తో తీసుకోమమ్మా. పేజీలోనే ఎక్కించాలి. అంతా స్పష్టంగా రాశాం కదా. చదువుకుని రావాలి."

"నాకు చదువు తక్కువండీ. కాస్త మీరే చదివి వినిపిస్తారా?" అన్నాను.

"దానికేం భాగ్యం," అని కంప్యూటరు తెర నా వైపు తిప్పి, పేజీ తెరిచి, వేలు పెట్టి మొదలుపెట్టారు. "పిల్లల... పిల్లల..." ముందుకి వంగారు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టారు. మళ్ళీ దింపారు. తీసి జేబురుమాలుతో తుడిచారు. "పిల్లల కంఠ... కంటె..."

"కంటి పరీక్ష కదండీ?" అన్నాను వినయంగా.

"ఆ, అదే. పత్రాన్ని పదో... పదహారో..." ముక్కు తెరకి తగిలింది. ఏదో నొక్కి పేజీని పెద్దది చేశారు. వాక్యం కుడిపక్కకి పారిపోయింది. దాన్ని వెంటాడారు. ఎడమపక్క పారిపోయింది. బటన్ చూపించమన్నాను. వెతికారు. పిల్లల బొమ్మ తెరుచుకుంది. మూసేశారు. మళ్ళీ తెరుచుకుంది.

మా పిడుగు ఇదంతా కళ్ళార్పకుండా చూసి, "తాతా, నిన్నూ మొద్దు అంటారా?" అని అడిగింది.

దాని నోరు మూశాను. ఆసుపత్రి నుంచి వచ్చాక వాళ్ళ నాన్నకి నా బడి ముచ్చట చెబుతుంటే వినేసిందన్నమాట.

గుమాస్తాగారు పిల్లల బొమ్మని ఇంకోసారి మూసేశారు. గడియారం వంక చూశారు. మూడూ నలభై.

"సిస్టం స్లోగా ఉందమ్మా," అన్నారు మెల్లగా. "కాగితం ఇలా ఇవ్వండి."

సొరుగు లాగారు. అందులో అప్పటికే అలాంటి కాగితాల బొత్తి ఒకటి ఉంది. మాది పైన పెట్టి, జాబితాలో మా పిడుగు పేరు వెతికి, ఎదురుగా ముద్ర కొట్టారు. టప్! నా ప్రాణం లేచొచ్చింది.

ఆ జాబితా చేతితో రాసింది, పెద్ద అక్షరాలు. వాళ్ళు చూసుకునేది కదా. తలకిందులుగా ఉన్నా చదవగలిగాను. చాలా పేర్ల ఎదురుగా గడి ఖాళీగా ఉంది.

"వీళ్ళంతా రాలేదాండీ?"

"రాలేదమ్మా. శ్రద్ధ లేదు జనానికి. చదువుకోరు."

చూశారా, చిన్న అక్షరం చేసే ఇంకో మేలు! ఒక్క మాట అనకుండా, ఎవరినీ గెంటకుండా, ఎన్ని సీట్లు మిగిల్చిందో!

వెళ్ళబోతుంటే ఆయన గొంతు తగ్గించి పిలిచారు. "అమ్మా, ఒక్క మాట. ఆ కళ్ళజోడు ఎక్కడ చేయించారు? కాస్త అడ్రసు రాసిస్తారా?"

అడ్రసు రాసివ్వమని నన్ను అడిగారు! ఎనిమిదో తరగతి సగంలో ఆపేసినదాన్ని! బడివాళ్ళే నన్ను రాయమన్నాక రాయకుండా ఉంటానా? పిడుగు సంచీలోంచి పెన్సిలు ముక్క, ఒక కాగితం తీశాను. లేత బూడిద రంగు పెన్సిలు. కాగితం మీద ఒక మూలన, ఎంతో ముచ్చటగా, చీమ తలకాయంత అక్షరాలతో ఆసుపత్రి పేరు, వీధి, మలుపు, వేళలు అన్నీ పూసగుచ్చినట్టు రాసి ఇచ్చాను.

ఆయన కాగితాన్ని దగ్గర పెట్టుకున్నారు. దూరం పెట్టారు. వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు.

"కనబడట్లేదమ్మా."

"అన్నీ వివరంగా ఉన్నాయండీ," అన్నాను. "శ్రద్ధగా చదువుకోగలరు."

వచ్చేశాను. మరీ అంత రాక్షసిని అనుకోకండి. అదే అడ్రసు కాగితం వెనక వైపు జానెడేసి అక్షరాలతో రాసే ఇచ్చాను, గేటు దగ్గర నిలబడి కూడా చదువుకోవచ్చు. తిప్పి చూడమని మాత్రం నేను చెప్పలేదు. చెప్పడం ఎందుకండీ? సౌకర్యం ఉంది కదా, వెతుక్కుంటారు!